కణంలోని శక్తిని వెదకిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు తెలుగువారనీ, అమెరికా వెళ్ళి గొప్ప మందులు కనిపెట్టారనీ మన విద్యార్థులు చదివే ఉంటారు. కాని ఆయన కృషి అంతటితో ముగిసేది కాదు. మందులకంటె ముందు ఆయన ఒక ప్రశ్నను పట్టుకొన్నారు. శరీరంలోని కోటానుకోట్ల కణాలు తమకు అప్పగించిన పనిని ఏ బలంతో చేస్తున్నవి, ఏ సామగ్రితో చేస్తున్నవి అన్నదే ఆ ప్రశ్న. ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాలలో ముఖ్యమైనవి కొన్ని ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఆ సమాధానాలు లేనిదే హార్మోనులు ఎట్లా పనిచేస్తవో కూడ మనకు పూర్తిగా బోధపడేది కాదు.

హార్మోను అనే మాట నేడు ఇంటింటా వినిపిస్తున్నది. పెరుగుదల, యౌవనం, గర్భధారణ, మధుమేహం, గొంతువాపు, వీటిలో దేనిని గురించి మాట్లాడినా ఆ పేరు రాక తప్పదు. కొన్ని గ్రంథులకు నాళాలు ఉండవు. అవి తమ రసాన్ని నేరుగా రక్తంలోనికే వదలుతవి. ఆ రసంలోని పదార్థం అణుమాత్రమే అయినా, రక్తంతో పయనించి, ఎక్కడో దూరాన ఉన్న అవయవంచేత పని చేయిస్తుంది. అయితే హార్మోను ఆజ్ఞ మాత్రమే. చెరువు త్రవ్వవలసిందని ఊరికి తాఖీదు చేరినంతమాత్రాన చెరువు తవ్వుడుపడదు. గడ్డపారలు కావాలి, తట్టలు కావాలి, పనిచేసేవారికి కడుపునిండా కూడు కావాలి. కణంలో కూడ అంతే. తాఖీదు గ్రంథినుండి వస్తుంది. కూడూ గడ్డపారా కణంలోనే ఉండాలి. సుబ్బారావుగారు జీవితమంతా వెదకినవి ఆ రెండే.

సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారంలోను, దానికి చేరువనున్న పటాన్‌చెరులోను మందులు తయారుచేసే కర్మాగారాలు అనేకం ఉన్నవి. ఆ ప్రాంతపు పిల్లలకు మందు అంటే ముందుగా గుర్తుకు వచ్చేవి గేట్లు, లారీలు, రాత్రింబవళ్ళు మారే షిఫ్టులు. ఆ గేట్లలోనుండి వెలువడే ప్రతి మందు బిళ్ళకూ పూర్వరంగంలో ఎవరో ఒకరి ఆలోచన, ఓర్పు, దుఃఖం ఉంటవని వారికి చెప్పడానికి సుబ్బారావుగారి జీవితంకంటె తగిన కథ మరొకటి లేదు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. పెద్ద కుటుంబం, చాలీచాలని సంపాదన. ఆ 1895వ సంవత్సరంలోనే లండనులో ఆలివర్, షేఫర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, మూత్రపిండాల పైభాగాన టోపీలవలె ఉండే అధివృక్క గ్రంథులనుండి తీసిన రసం రక్తపు ఒత్తిడిని ఒక్కసారిగా పెంచుతుందని వివరంగా ప్రకటించారు. భీమవరంలో పుట్టిన శిశువుకూ ఆ వార్తకూ అప్పుడు ఏ సంబంధమూ లేదు. కాని ఆ గ్రంథిరసం కాలేయ కణంలో ఏమి చేస్తుందో తేలిననాడు, ఈ శిశువు పెరిగి పెద్దవాడై కనుగొన్న పదార్థమే అందుకు మూలమని ప్రపంచానికి తెలిసింది.

బాల్యంలో సుబ్బారావుగారికి చదువుమీద ధ్యాస నిలిచేది కాదు. డబ్బు సంపాదించాలనే కోరికతో ఇల్లు విడిచి కాశీకి బయలుదేరారనీ, తల్లి వెదకించి వెనుకకు రప్పించిందనీ చెబుతారు. రాజమహేంద్రవరంలోను, తరువాత మద్రాసు హిందూ హైస్కూలులోను చదివారు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి మూడవసారి నెగ్గారు. తండ్రి మరణించాక కొడుకు చదువు ఆగిపోకుండా తల్లి తన నగలను అమ్మివేసిందని అంటారు. పరీక్ష తప్పిన పిల్లవానిని పనికిరానివాడని కొట్టివేయడం మన ఇండ్లలోను, బడులలోను ఉన్న అలవాటు. ఉపాధ్యాయులు ఈ ఘట్టాన్ని తరగతిలో ఒక్కసారి చెప్పినా చాలును.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. సన్యసించి రామకృష్ణ మఠంలో చేరాలనే తలంపు ఒకప్పుడు ఆయనకు బలంగా ఉండేది. అది జాతీయోద్యమం ఉప్పొంగుతున్న కాలం. ఖద్దరు కట్టి తరగతికి వెళ్ళినందుకు ఒక తెల్ల ఆచార్యుని ఆగ్రహానికి గురి అయ్యారు. పట్టా ఇచ్చేవేళకు ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఆయనకు దక్కింది. దానితో ప్రభుత్వ వైద్యశాఖలో మంచి ఉద్యోగం దొరికే ఆశ పోయింది. ఆయన మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. 1919లో శేషగిరిగారితో వివాహమైంది.

ఆ కాలంలోనే ఆయన జీవితానికి దిక్కు చూపిన విపత్తు సంభవించింది. ఉష్ణదేశాలలో కనిపించే స్ప్రూ అనే ఒక విధమైన గ్రహణి వ్యాధి ఆయన సోదరులను కబళించింది. ఆ వ్యాధిలో ఆహారం జీర్ణమై ఒంటికి పట్టదు. నాలుక పుండ్లుపడుతుంది, విరేచనాలు ఆగవు, రక్తం పలుచబడి మనిషి శుష్కించిపోతాడు. వైద్యం చదివిన తమ్ముడు, అన్న ఇంట్లో ఉండి కూడ చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆ రోజులలో ఆ వ్యాధికి మందు లేదు. అసలు అది ఏ లోపంవల్ల వస్తున్నదో ఎవరికీ తెలియదు. ఆ అజ్ఞానాన్ని సుబ్బారావుగారు సహించలేకపోయారు. ఉన్నత పరిశోధనకు విదేశం వెళ్ళాలని నిశ్చయించుకొన్నారు. కాకినాడ ప్రాంతపు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సహాయం చేసింది. మిగిలిన లోటును మామగారు పూరించారు. 1922 అక్టోబరు 26వ తేదీన ఆయన బోస్టను నగరంలో దిగారు.

వెళ్ళేనాటికి భార్య గర్భవతి. ఆ తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనే లేదు. కొన్ని సంవత్సరాలలో తిరిగివస్తానని బయలుదేరిన భర్తను శేషగిరిగారు మరల చూడలేదు. ఈ సంగతిని మహత్త్వపు వెలుగులో మరుగుపరచడం న్యాయం కాదు. సుబ్బారావుగారి కృషికి ఆయన ఒక్కరే మూల్యం చెల్లించలేదు.

1922వ సంవత్సరం హార్మోనుల చరిత్రలో మరపురానిది. ఆ ఏడు జనవరిలోనే కెనడాలోని టొరాంటోలో మధుమేహంతో మరణావస్థలో ఉన్న ఒక బాలునికి మొదటిసారిగా ఇన్సులిను ఇచ్చారు. అంతకు 20 సంవత్సరాల పూర్వం, 1902లో, బేలిస్, స్టార్లింగ్ అనే ఆంగ్లేయులు చిన్న ప్రేవునుండి పుట్టే సెక్రెటిన్ అనే పదార్థం రక్తంద్వారా పయనించి క్లోమరసాన్ని స్రవింపజేస్తుందని నిరూపించారు. నాడుల ప్రమేయం లేకుండానే ఒక అవయవం మరొకదానిని పలుకరించగలదని అప్పుడు తేలింది. ప్రేరేపించేది అనే అర్థంగల గ్రీకు మాటనుండి స్టార్లింగ్ 1905లో హార్మోను అనే పేరును వాడుకలోనికి తెచ్చాడు. సుబ్బారావుగారు అడుగుపెట్టిన హార్వర్డు వైద్య కళాశాలలోనే వాల్టర్ కానన్ శరీరధర్మశాస్త్రాచార్యుడుగా ఉండి, భయము, కోపము కలిగినప్పుడు అధివృక్క గ్రంథి వదలే అడ్రినలిను శరీరాన్ని పోరుకో, పరుగుకో ఎట్లా సిద్ధపరుస్తుందో పరిశోధిస్తున్నాడు. ఆజ్ఞలను గూర్చిన విజ్ఞానం అట్లా వేగంగా పెరుగుతున్నది. ఆజ్ఞ అందిన తరువాత కణంలో జరిగేది మాత్రం ఇంకా చీకటిగానే ఉన్నది.

సుబ్బారావుగారికి వెంటనే పరిశోధనాగారపు తలుపులు తెరుచుకోలేదు. చేతిలో డబ్బు లేదు. ఆయన సంపాదించిన పట్టాతో అక్కడ వైద్యుడుగా పనిచేయడానికి వీలులేదు. పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా కుదిరి, రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రం చేశారు. పగలు చదువు, రాత్రి ఆ పని. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పొంది, జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునివద్ద పరిశోధనకు చేరారు.

అక్కడ ఆయనకు అప్పగించిన పని పైకి చాల చిన్నది. రక్తంలోను, మూత్రంలోను ఉండే భాస్వరాన్ని తేలికగా కొలిచే పద్ధతి కావాలి. భాస్వరం ఉన్న ద్రవానికి మాలిబ్డేటును, మరికొన్ని రసాయనాలను చేర్చితే నీలివర్ణం వస్తుంది. ఎంత భాస్వరముంటే అంత చిక్కని నీలం. ఈ రంగును ఆధారం చేసుకొని ఫిస్క్, సుబ్బారావుగార్లు 1925లో ప్రకటించిన పద్ధతి వారిద్దరి పేర్లతోనే నేటికీ జీవరసాయన విద్యార్థులకు తెలుసు.

భాస్వరాన్ని కొలవడానికీ హార్మోనుకూ సంబంధమేమిటని విద్యార్థి అడుగవచ్చు. సంబంధం చాల దగ్గరిది. కంఠంలోని అవటు గ్రంథి వెనుకభాగాన గింజలంత పార్శ్వావటు గ్రంథులు నాలుగు ఉంటవి. వాటి హార్మోను ఎముకలనుండి సున్నాన్ని రక్తంలోనికి రప్పిస్తుంది, భాస్వరాన్ని మూత్రపిండాలద్వారా వెలుపలికి పంపుతుంది. ఆ గ్రంథుల సారాన్ని జేమ్స్ కాలిప్ వెలికితీసి దాని శక్తిని నిరూపించింది కూడ ఆ 1925లోనే. ఆ హార్మోను మితిమీరినదా, కొరవడినదా అని తెలుసుకోవడానికి వైద్యుడు చూడవలసినవాటిలో రక్తంలోని భాస్వరం ఒకటి. కొద్దిపాటి రక్తంతో దానిని కొలిచే ఉపాయం వైద్యులకు చేజిక్కింది.

తాము చేసిన కొలబద్దతో ఆ ఇద్దరూ కండరాలను పరీక్షించారు. కండరం లాక్టిక్ ఆమ్లపు బలంతో ముడుచుకొంటుందని అప్పటి సిద్ధాంతం. ఆ విషయంలో కృషిచేసిన హిల్, మైయర్‌హాఫ్‌లకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానం కూడ వచ్చింది. కాని కొలిచేకొద్దీ ఒక విచిత్రం కనిపించింది. కండరంలో క్రియాటిన్‌తో జతపడిన భాస్వరం ఉన్నది. కండరం పనిచేస్తే అది తరిగిపోతున్నది, విశ్రాంతి దొరికితే మరల పేరుకొంటున్నది. 1927లో వారు ఫాస్ఫోక్రియాటిన్ అనే ఆ పదార్థాన్ని ప్రకటించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడ అదే కాలంలో దానిని గుర్తించారు. 1929లో దానికంటె ముఖ్యమైన మరొక పదార్థాన్ని ఫిస్క్, సుబ్బారావుగార్లు కండరంనుండి వేరుచేశారు. అదే ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు, క్లుప్తంగా ఎ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ ఆ సంవత్సరమే దానిని విడిగా కనుగొన్నాడు.

ఎ.టి.పి. కణపు చేతిలోని చిల్లర డబ్బు వంటిది. మనం తిన్న అన్నంలోని శక్తి అంతా ముందు దానిగా మారవలసిందే. కండరం కదలినా, నాడి స్పందించినా, గుండె కొట్టుకొన్నా, దానినే ఖర్చుపెట్టాలి. దానిలో మూడు ఫాస్ఫేటు ముక్కలు వరుసగా ఉంటవి. చివరిది ఊడినప్పుడు వచ్చే శక్తితో పని జరుగుతుంది. ఊడినదానిని కణం మరల అతికించుకొంటుంది. ఒక్క రోజులో మనిషి శరీరం ఇట్లా తయారుచేసి వాడుకొనే ఎ.టి.పి.ని మొత్తం కూడితే ఇంచుమించు ఆ మనిషి బరువంత ఉంటుంది.

హార్మోను ఆజ్ఞ కణంలో ఎట్లా నెరవేరుతుందో తెలిసినప్పుడు ఈ పదార్థపు విలువ రెట్టింపయింది. ఎర్ల్ సదర్లాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు అడ్రినలిను కాలేయంలో చక్కెరను ఎట్లా విడుదల చేయిస్తుందో పరిశోధించాడు. అడ్రినలిను కణంలోపలికి పోనే పోదు. కణపు పొరమీద దానికి తగిన గ్రాహకం ఒకటి ఉంటుంది. దూత వాకిట నిలిచి తలుపు తట్టినట్లు హార్మోను దానిని తాకుతుంది. అప్పుడు పొరలోపలి ఒక కిణ్వం ఎ.టి.పి.ని పట్టి, రెండు ఫాస్ఫేటులను తీసివేసి, మిగిలినదానిని వలయంగా చుడుతుంది. చక్రీయ ఎ.ఎం.పి. అనే ఈ పదార్థమే ఇంటిలోపల వార్తను మోసే రెండవ దూత. అది మరికొన్ని కిణ్వాలను మేలుకొలుపుతుంది. అవి ఎ.టి.పి.నుండే ఫాస్ఫేటును తీసి ఇతర మాంసకృత్తులకు అతికిస్తవి. చివరకు కాలేయంలో నిలవ ఉన్న గ్లైకోజెను కరిగి చక్కెరగా రక్తంలో చేరుతుంది. ఒక్కొక్క మెట్టు దగ్గర సంఖ్య హెచ్చుతూ పోవడంవల్ల, కొద్దిపాటి హార్మోను అణువులు లెక్కకు మించిన చక్కెర అణువులను కదలించగలవు. 1950 దశకం చివర వెలువడిన ఈ పరిశోధనకు సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమానం లభించింది.

ఇన్సులిను కూడ పొరమీది గ్రాహకాన్నే తాకుతుంది. ఆ గ్రాహకం తానే ఎ.టి.పి. ఫాస్ఫేటును తీసుకొని పని ప్రారంభిస్తుంది. కండరాలలోను, కొవ్వులోను చక్కెర ప్రవేశించడానికి దారులు తెరిపిస్తుంది. అడ్రినలిను చక్కెరను వీధిలోనికి తెస్తే, ఇన్సులిను ఇంటిలోనికి చేరుస్తుంది. ఆజ్ఞ మితిమీరకుండా కట్టుబాటు కూడ ఉన్నది. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి అవటు గ్రంథిని ప్రేరేపిస్తుంది. అవటు హార్మోను రక్తంలో తగినంత కాగానే పీయూష గ్రంథి తన ప్రేరణను తగ్గిస్తుంది. ఈ తూకం చెడినప్పుడే వ్యాధి.

ఇంతటి పదార్థాన్ని కనుగొన్నా సుబ్బారావుగారికి హార్వర్డులో స్థిరమైన స్థానం దొరకలేదు. 1930లో పిహెచ్.డి. పట్టం వచ్చింది. ఆయన దృష్టి కండరంనుండి కాలేయంవైపు మళ్ళింది. బోస్టనులోనే మైనాట్, మర్ఫీ అనే వైద్యులు కాలేయం తినిపించి ప్రాణాంతకమైన రక్తహీనతను నయంచేయవచ్చునని 1926లో చూపించారు. కాలేయంలో ఆ పని చేసే పదార్థం ఏది? సోదరుల రక్తాన్ని పలుచన చేసిన లోపమూ ఇటువంటిదే కదా అని ఆయనకు తోచి ఉంటే అది సహజం. ఏండ్ల తరబడి కాలేయసారాన్ని భాగాలుగా విడదీసి పరీక్షించారు. 1940లో హార్వర్డు విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, అనతికాలంలోనే పరిశోధనాధిపతి అయ్యారు.

ఈలోగా మన దేశంలోనే ఒక ఆధారం దొరికింది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928 మొదలుకొని బొంబాయిలో గర్భిణులైన కార్మికస్త్రీల రక్తహీనతను పరిశోధించి, ఈస్టుసారం తినిపిస్తే అది కుదురుతుందని కనుగొన్నది. ఆ సారంలోని పదార్థం ఆకుకూరలలోను ఉన్నది. ఆకు అనే అర్థంగల లాటిన్ మాటను బట్టి 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమనే పేరు వచ్చింది. పేరు వచ్చినా పదార్థం చేతికందలేదు. రాశులకొద్దీ ముడిసరుకునుండి చిటికెడైనా దొరకడం కష్టం. సుబ్బారావుగారి నాయకత్వాన లెడర్లీ శాస్త్రజ్ఞుల బృందం దాని నిర్మాణాన్ని తేల్చి, 1945లో దానిని రసాయనాలతోనే తయారుచేసింది. ఆ మందు స్ప్రూ రోగులమీద అద్భుతంగా పనిచేసింది. సోదరులు పోయిన ఎన్నో ఏండ్లకు, వారిని కాపాడగలిగిన పదార్థం ఆయన చేతికి వచ్చింది. ప్రాణాంతక రక్తహీనతకు అసలు మందైన బి-12 విటమిను మాత్రం 1948లో ఇతరుల చేతికి చిక్కింది.

ఫోలిక్ ఆమ్లం కణానికి గడ్డపార వంటిది. కణం రెండుగా చీలాలంటే అందులోని వంశలిపి, అంటే డి.ఎన్.ఎ., ముందు రెండు ప్రతులు కావాలి. ఆ ప్రతికి కావలసిన ఒక ముఖ్యమైన అంగాన్ని తయారుచేయడానికి ఫోలిక్ ఆమ్లం అవసరం. హార్మోనులతో దీనికి గల సంబంధాన్ని రాయ్ హెర్ట్జ్ అనే హార్మోను శాస్త్రజ్ఞుడు కోడిపిల్లలలో చూపించాడు. స్త్రీ హార్మోనైన ఈస్ట్రోజెన్ జాతి మందు ఇస్తే ఆడ కోడిపిల్లల అండనాళం వేగంగా పెరుగుతుంది. కాని ఆహారంలో ఫోలిక్ ఆమ్లం లేని పిల్లలలో ఆ పెరుగుదల కుంటుపడింది. ఈస్ట్రోజెన్ వంటి హార్మోనులు అడ్రినలినువలె వాకిట ఆగక, కణంలోపలికే పోయి వంశలిపిని తాకి పని చేయిస్తవి. అయినా సామగ్రి లేనిచోట వాటి ఆజ్ఞ కూడ నిష్ఫలమే. హెర్ట్జ్ ఈ పరిశోధనను 1945లో ప్రకటించాడు.

ఫోలిక్ ఆమ్లం లేకుంటే కణం పెరగదంటే, పెరగకూడని కణానికి దానిని అందకుండా చేయవచ్చును గదా! బోస్టనులో పిల్లల వైద్యశాలలో పనిచేసే సిడ్నీ ఫార్బర్ ల్యూకీమియా అనే రక్తపు కాన్సరుకు బలి అవుతున్న పసివాండ్ర విషయమై ఈ ఆలోచన చేశాడు. ఫోలిక్ ఆమ్లపు సంబంధి ఒకటి ఇచ్చినప్పుడు వ్యాధి మరింత వేగించినట్లు అతనికి కనిపించింది. అయితే దానికి విరోధిని ఇచ్చి చూడాలి. ఫోలిక్ ఆమ్లంవలె పైకి కనిపించి, కణాన్ని మోసగించి, పని ఆపివేసే విరోధి పదార్థాలను సుబ్బారావుగారి బృందం తయారుచేసి అతనికి పంపింది. వాటిలో ఎమినాప్టెరిన్ అనేదానిని ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 10 మందిలో వ్యాధి కొంతకాలం వెనుకంజ వేసింది. ఈ ఫలితం 1948 జూన్‌లో వెలువడింది. ఆ పిల్లలు పూర్తిగా బ్రతికి బయటపడలేదు. అయినా రక్తపు కాన్సరు మందుకు లొంగగలదని మొదటిసారిగా తేలింది.

ఎమినాప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేటు. గర్భానికి సంబంధించిన కణజాలంలో పుట్టే కోరియోకార్సినోమా అనే కాన్సరు ఒళ్ళంతా ప్రాకినా, ఆ మందు దానిని అణచగలదని హెర్ట్జ్, మిన్ చియు లీ అనే వైద్యులు 1956లో ప్రకటించారు. ఆ కాన్సరు కణాలు గర్భిణుల శరీరంలో ఉండే హార్మోనునే విడుదల చేస్తవి. మూత్రంలో ఆ హార్మోను ఎంత ఉన్నదో కొలుస్తూ, వ్యాధి తగ్గినదీ లేనిదీ నిర్ణయించారు. నేడు మెథోట్రెక్సేటును కొద్ది మోతాదులో, వారానికి ఒక్కసారి, కీళ్ళవాతానికి కూడ ఇస్తారు.

లెడర్లీలో సుబ్బారావుగారి పర్యవేక్షణలో మరి రెండు గొప్ప మందులు వెలువడినవి. బోదకాలుకు కారణమైన క్రిములను చంపే హెట్రజాన్ 1947లో వచ్చింది. డైఇథైల్ కార్బమజీన్ అనే అసలు పేరుతో ఆ మందునే మన గ్రామాలలో బోదకాలు నివారణకు ఇంటింటికి పంచిపెట్టారు. మట్టిలోని సూక్ష్మజీవినుండి బెంజమిన్ డగ్గర్ తీసిన ఆరియోమైసిన్ 1948లో ప్రకటితమైంది. టెట్రాసైక్లిన్ మందులలో అదే మొదటిది. ఒక్కొక్క మందు వెనుక పలువురి శ్రమ ఉన్నది. తన సహచరుల పేర్లు ముందు నిలిపి తాను వెనుక నిలవడం సుబ్బారావుగారి స్వభావం.

పరిశోధనాగారంలో చిటికెడుగా పుట్టిన మందు రోగికి అందాలంటే పెద్ద పెద్ద పాత్రలలో, వందలమంది చేతులమీదుగా తయారు కావాలి. పాశమైలారంవంటి చోట్ల జరిగేది ఆ పనియే. అది నిరపాయమైన పని కాదు. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారంలో, మందు బిళ్ళలలో కలిపే పొడిని తయారుచేసే ఒక కర్మాగారంలో పేలుడు సంభవించి నలభైమందికి పైగా మృతిచెందారు. వారిలో పలువురు పొట్టకూటికై పరరాష్ట్రాలనుండి వచ్చినవారు. అల్పమాత్రలో శరీరాన్ని కదలించగల పదార్థం కాలువలో కలిసినా ఊరుకొనేది కాదు. పటాన్‌చెరులో మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రంనుండి వెలువడే నీటిలో, రోగి రక్తంలో ఉండేదానికంటె ఎక్కువగా ఒక సూక్ష్మజీవినాశక ఔషధం ఉన్నదని 2007లో ప్రకటితమైన పరిశోధన తేల్చింది. రాత్రిపూట మలపాత్రలు కడిగిన చేతులే ఎ.టి.పి.ని వేరుచేసినవి. ఆ సంగతి గుర్తున్నవారు మందు తయారుచేసే కూలివాని ప్రాణాన్ని, ఆ ఊరి నీటిని చులకనగా చూడలేరు.

1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి, సుబ్బారావుగారు పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఫార్బర్ ఫలితాలు వెలువడి అప్పటికి రెండు నెలలు మాత్రమే దాటింది. స్వతంత్రమైన స్వదేశాన్ని ఆయన కంటితో చూడలేదు. నోబెల్ బహుమానం రాలేదు. ఒక శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు 1953లో సుబ్బరోమైసిస్ అని పేరుపెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలాబిళ్ళ విడుదల చేసింది. బహిరంగ గౌరవాలలో చెప్పుకోదగినవి ఇంచుమించు ఇంతే.

కాని ఆయనకు స్మారకచిహ్నం అవసరమా అని కూడ అనిపిస్తుంది. గర్భిణికి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఇనుపధాతువు బిళ్ళలో ఫోలిక్ ఆమ్లం కలిసి ఉంటుంది. పుట్టబోయే బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడడానికి కూడ అది తోడ్పడుతుంది. ఈ వాక్యం చదివే పాఠకుని కన్ను కదలడానికి ఈ క్షణాన వేలవేల కోట్ల ఎ.టి.పి. అణువులు ఖర్చవుతున్నవి. ఉపాధ్యాయులు హార్మోనుల పాఠం చెప్పేటప్పుడు గ్రంథుల పేర్లతోనే ఆగిపోక, ఆజ్ఞ అందుకొన్న కణం ఏ బలంతో లేస్తున్నదో కూడ చెప్పాలి. చెబుతూ, ఆ బలాన్ని చూపినవాడు మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రవాడని పిల్లలకు గుర్తుచేయాలి.